కెమెరాలో ఫీచర్లు చూడాలా, గట్టితనం చూడాలా?

పొలం వీడియోలు మేము కూడా తీయాలనుకుంటున్నాం, ఏ కెమెరా కొనమంటారు అని అడిగే రైతు సోదరులు ఈ మధ్య ఎక్కువయ్యారు. మోడల్ పేరు చెప్పేస్తే నిమిషంలో అయిపోతుంది. కానీ నా మొదటి కెమెరా ఎలా పోయిందో చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగం.

దాన్ని షాపులో ఫీచర్ల కాగితం చూసి కొన్నాను. 40 రెట్ల జూమ్, 4కె వీడియో, వైఫై, టచ్ స్క్రీన్, అన్నీ ఉన్నాయి. ఆన్ చేస్తే లెన్సు గొట్టం ముందుకి సాగుతుంది, ఆపితే లోపలికి పోతుంది. పసుపు ఎండాక డ్రమ్ములో వేసి పాలిష్ పట్టే రోజు ఆ పక్కనే నిలబడి రెండు గంటలు తీశాను. ఆ దుమ్ము సంగతి మీకు తెలిసిందేగా, కనురెప్పల మీద కూడా పసుపే. లెన్సు సాగినప్పుడల్లా గాలితో పాటు ఆ దుమ్మునీ లోపలికి లాక్కుంది. సాయంత్రానికి కరకరమని సగంలో ఆగిపోయింది. సర్వీసు సెంటర్లో లెన్సు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు కొన్న ధరలో సగం దాటింది.

డబ్బు పోతే పోయిందండి. మర్నాడు మా ఊరి పెద్దాయన ఆఖరి మడి తవ్వి, విత్తన పసుపు ఏరి, నీడలో కుప్ప పోసి ఆకు కప్పే పని ఉంది. ఏడాదికి ఒక్కసారే దొరికేది. ఫోనుతో తీశాను, గాలి హోరులో ఆయన మాట సగం వినపడలేదు. మరుసటి ఏడు ఆయనకి ఓపిక లేక కొడుకులకి అప్పజెప్పేశారు. ఆ వీడియోలో మాటలకి బదులు కింద అక్షరాలు వేసింది అందుకే.

అలాగని ఫీచర్లన్నీ దండగ అనను. బయటి మైకు పెట్టుకునే రంధ్రం మాత్రం నేను వదలను. ఒలింపస్ టిజి-6 అని 2019లో వచ్చింది. 15 మీటర్ల నీళ్ళలో పనిచేస్తుంది, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకునేలా చేశారు. పురుగుల్ని దగ్గరగా తీయడానికి భలే ఉంటుంది. కానీ మైకు రంధ్రం లేదు. రైతు మాట వినిపించాలనుకునే నాకు అది కుదరలేదు.

4కె సంగతి వేరు. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. పల్లెలో ఆ ఫైలు ఎక్కించేసరికి తెల్లారుతుంది. మన వాళ్ళు చూసేది ఫోనులో కాబట్టి మామూలు 1080 చాలు.

గట్టితనం అంటే బరువు కాదు, లోహమూ కాదు. మంచి ప్లాస్టిక్ బాడీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. చూడాల్సింది సందులు. బ్యాటరీ మూత, కార్డు మూత తెరిచి చుట్టూ రబ్బరు ఉందో లేదో వేలితో తడమండి. తిరిగే స్క్రీన్ కీలు నాలుగుసార్లు తిప్పి చూడండి. బాడీకి సీలు ఉండి లెన్సుకి లేకపోతే, కిటికీ మూసి తలుపు తీసినట్టే. ఐపీ నంబరు రాసి ఉంటే మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీఎక్స్8 అంటే నీటికి మాత్రమే రేటింగ్ ఇచ్చారు, దుమ్ము గురించి ఏమీ చెప్పలేదని అర్థం. మనకి పెద్ద శత్రువు దుమ్మే కదా! నీటి పరీక్ష కూడా మంచినీళ్ళతోనే చేస్తారు, జీవామృతంతో కాదు. కాబట్టి పిచికారీ చేసేటప్పుడు ఎంత గట్టి కెమెరా అయినా దూరంగానే ఉంచండి.

నేను ఇప్పుడు వాడేది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత మోడల్. సీలున్న బాడీ, సీలున్న లెన్సు, మైకు రంధ్రం. వైఫై లేదు, టచ్ లేదు. నూర్పిడి రోజు పాలిథిన్ కవరుకి లెన్సు మేరకు కన్నం చేసి, రబ్బరు బ్యాండుతో బిగించి తీస్తాను. అది ఎలా తొడగాలో కింది వీడియోలో చూపించాను, చూడండి.