పర్మా తొడ - కల్లూరు వరుగు

కల్లూరు నుండి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట అడవులవైపు సాగే దారిలో, వేసవి ముదిరిన రోజులలో, మధ్యాహ్నపు వేళ మనిషి అలికిడి ఉండదు. ఆ నిప్పుల ఎండను తిట్టుకొననివారు ఊరికి కొందరే. ఉప్పూ పసుపూ పట్టించిన మాంసపు తునకలను పెరటి తాటిపై ఆరవేసి, కాకులు వాలకుండ చూరునీడన కర్ర పట్టుకొని కూర్చున్న ముసలమ్మకు మాత్రం ఆ ఎండే పెట్టుబడి. మూడు నాలుగు రోజులకు మెత్తని మాంసం కట్టెవలె బిగిసిపోతుంది. వీటినే వరుగులని కొందరు, తునకలని కొందరు అంటారు. కోయగూడేలలో పొయ్యిపైన వ్రేలాడగట్టి పొగకు ఆరనిచ్చే పద్ధతి కూడ ఉన్నది. వేటమాంసం ఆరబెట్టుకొన్న కాలం గతించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసినది. ఇప్పుడు తాడెక్కేది పెంపుడు జంతువుల మాంసమే.

ఈ పనికే ఇటలీ దేశంలో కిరీటం పెట్టినారు. ఇది అలంకారం కాదు. పర్మా పరిసరాల కొండ గ్రామాలలో ఆరబెట్టిన పందితొడపై అయిదు కొనల కిరీటపు ముద్రను కాల్చి వేస్తారు. ఆ ముద్రను కాపాడుకొనుటకు అక్కడి ఉత్పత్తిదారులు 1963లో సంఘంగా ఏర్పడినారు. ఇతర ప్రాంతాలవారు ఆ పేరు వాడకుండ 1996లో ఐరోపా యూనియన్ రక్షణ కల్పించినది. ఉప్పు పట్టించి ఆరబెట్టిన ఆ తొడకు వారి భాషలో ప్రొషుట్టో అని పేరు. తడి అంతా పీల్చివేయబడినదని ఆ మాట లాటిను మూలానికి అర్థం. మన వరుగు అన్న మాటకూ ఎండినదనే కదా అర్థం!

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలోనే రోమను రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో తొడలకు ఉప్పు పట్టించే విధం వ్రాసిపెట్టినాడు. పర్మా పద్ధతిలో వాడేవి పందితొడ, సముద్రపుటుప్పు, అంతే. ఉప్పు రుద్దుటకే ఆరితేరిన పనివాడు ఒకడుంటాడు. చలిగదిలో కొన్ని వారాలు ఉప్పు పీల్చిన తొడను విశ్రాంతిగా ఉంచి, కడిగి, పెద్ద కిటికీలున్న గదులలో వ్రేలాడదీస్తారు. ఏ పూట ఏ కిటికీ తెరవవలెనో తెలియడమే అక్కడి పనితనం. తోలు లేని చోట పందికొవ్వు, బియ్యప్పిండి, ఉప్పు కలిపిన ముద్దను మెత్తుతారు. పైపొర తొందరపడి ఎండిపోతే లోపలి తడికి దారి ఉండదు. ఏడాదికి పైబడి ఇట్లు ఉన్న తొడ తన బరువులో నాలుగవ వంతుకు మించి పోగొట్టుకొంటుంది. చివరకు గుర్రపు ఎముకతో చేసిన సూదిని గుచ్చి, తీసి, వాసన చూసి మంచిచెడులు తేలుస్తారు. ఆ ఎముక వాసనను చప్పున పట్టి చప్పున వదులుతుందట.

ఉప్పు తడిని బయటికి లాగుతుంది. తడి చాలనిచోట క్రుళ్ళించే సూక్ష్మజీవులు పెరుగలేవు. సూత్రం రెండుచోట్లా ఒక్కటే. భేదమంతా కత్తి ఎప్పుడు పట్టవలెనన్న దానిలో ఉన్నది. నిండుతొడలో ఎముక దాకా ఉప్పు దిగుటకు వారాలు పడుతుంది. అంతవరకు మాంసం చెడకుండ కాచేది చలి. ఖమ్మం ఎండలో అట్టి తొడను వ్రేలాడదీస్తే ఉప్పుకంటె ముందు పురుగు లోపలికి పోతుంది. అందుచేత కల్లూరు ముసలమ్మ కోతను మొదట పెట్టుకొన్నది; పర్మావాడు చివర పెట్టుకొన్నాడు. నెలల తరబడి మాంసకృత్తులు నెమ్మదిగా విరిగి పుట్టే ఆ కమ్మదనం మన వరుగుకు రాదు. అది పచ్చిగా తినేది, ఇది తప్పక వండవలసినది. ఇంట ఎండిన పందిమాంసాన్ని చూచి పర్మా తొడ అనుకొని పచ్చిగా తినబోవడం ప్రమాదం.

విదేశంలోని బిడ్డలు తెచ్చిన పొట్లమో, నగరంలో కొన్న పొట్లమో ఇంటికి వచ్చినప్పుడు జరిగే మొదటి పొరపాటు దానిని మూకుడులో వేయడం. వేడికి సువాసన పోయి ఉప్పు మిగులుతుంది. ఫ్రిజ్జు నుండి తీసి కొంతసేపు బయట ఉంచవలెను. వెనుక నున్న అక్షరాలు కనిపించేంత పలుచని పొరలు కావలెను. అంచున ఉన్న తెల్లకొవ్వును తీసివేయరాదు. ఇటలీవారు దీనిని ఖర్బూజా ముక్కపై కప్పియో, అంజూరపు పండుతోనో తింటారు. జామకాయకు ఉప్పు అద్దుకొనే పిల్లలకు ఈ జోడింపును ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే ఆ పళ్ళెం దర్జాగా ముందుగదిలోనికి వస్తుంది. తునకల కుండ మాత్రం చుట్టం గుమ్మమెక్కగానే అటకపైకి పోతుంది. ఎవరి పెరట్లో ఏది ఎండుతున్నదో చూచి కులం లెక్కగట్టే కళ్ళు ఊళ్ళలో ఇంకా ఉన్నవి. ఆ కళ్ళకు జడిసే బడిపిల్లవాడు అన్నపు గిన్నె మూత సగమే తెరుస్తాడు. ఉప్పు గుణం బోధించేటప్పుడు ఉపాధ్యాయుని నోట ఆవకాయ వస్తుంది, ఒక్కొక్కప్పుడు ఎండుచేప కూడ వస్తుంది, వరుగు రాదు. పర్మా కిరీటంతోపాటు ఆ పేరూ పాఠంలో వినబడితే గిన్నె మూత సంగతి ఏమగునో ఏ ఉపాధ్యాయుడైనా పరీక్షించి చూడవచ్చును.

వరుగును వేడినీళ్ళలో కడిగి, నానవేసి, చింతచిగురుతో వండుతారు. చిగురు లేని రోజులలో గోంగూర. నిప్పులపై కాల్చి, రోట దంచి, ఉల్లిపాయతో జొన్నరొట్టెలో పెట్టుకొనేవారూ ఉన్నారు. తునకలో ఉప్పు ఉన్నదని మరచి కూరలో మళ్ళీ వేయడం కొత్తకోడళ్ళు చేసే తప్పు. ముసలమ్మ అందుకే వరుగు వండిన పూట ఉప్పుగిన్నెను తన వద్దనే పెట్టుకొంటుంది.