1807 నాటి మన్రో లేఖ: మెట్టభూముల కొలత, బావినీటి విలువ

చెన్నేకొత్తపల్లి పరిసర గ్రామాలలో ఎర్రనేల లోతు తక్కువ. పలుచోట్ల జానెడు మట్టి క్రిందనే గరుసు, దాని క్రింద రాయి తగులుతాయి. ఈ నేలను మొట్టమొదట పొలంవారీగా కొలిపించిన అధికారి థామస్ మన్రో. నిజాం 1800లో దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించగా, మన్రో ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేశాడు.

సర్వే 1802లో ఆరంభమయింది. కొలగొలుసు పొడవు 33 అడుగులు. ఆ పొడవు భుజముగా గల చతురము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఊళ్ళు, బాటలు, చెరువు గర్భాలు, ఏటి పరీవాహాలు, బీళ్ళు, అడవులు అన్నీ కొలతకు వచ్చాయి. కొండలు, బండలు మాత్రం వదలివేయబడ్డాయి. నేల తరగతిని నిర్ణయించడంలో రెడ్లు, కరణాలు, ముఖ్య రైతుల అనుభవమే ఆధారం. నేల లోతును గాని, అడుగురాతి స్వభావాన్ని గాని పరీక్షించే శాస్త్రం అప్పటికి లేదు.

శిస్తు రాని బండను వదలివేయడం రెవెన్యూ దృష్టితో సహజమే. వ్యవసాయ దృష్టితో అది పెద్ద లోపం. ఈ ప్రాంతపు చెరువులకు నీరు చేరేది ఆ కొండవాలుల నుండియే. భూగర్భజలం కూడా గ్రానైటు, నైసు శిలల శిథిలమైన పైపొరలోను, దాని క్రింది పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. పైపొర మందంగా ఉన్నచోట దిగుడుబావికి నీరు అందుతుంది. పలుచగా ఉన్నచోట రైతు శ్రమ వృథా. ఒకే తరగతిలో చేరిన రెండు పొలాల మధ్య ఇంతటి తేడా ఉండవచ్చు. ఈ తేడా ఆనాటి లెక్కలలో కనబడదు.

అయినను, నీటిని తోడే ఖర్చును మన్రో విస్మరించలేదు. 1807 ఆగస్టు 15న తన సంతకంతో రెవెన్యూ బోర్డుకు పంపిన లేఖలో, సర్వే శిస్తును అన్ని భూములపై 25 శాతం తగ్గించవలెనని ప్రతిపాదించాడు. బావుల క్రింద, ఏర్లు, వంకల నుండి నీరు తోడి పండించే భూములకు మరి 8 శాతం కలిపి మొత్తం 33 శాతం తగ్గింపు కోరాడు. బావులను రైతులే స్వంత ఖర్చుతో బాగుచేసుకొనవలెనన్నది దీనికి షరతు. మరమ్మతు భారం వహించే చిన్న చెరువుల రైతులకు కూడా ఇట్టి తగ్గింపే సూచించాడు. ఏడాది చివర రైతు కొంత భూమిని వదలుకొనుటకు గాని, అదనంగా చేపట్టుటకు గాని స్వేచ్ఛ ఉండవలెనన్నది మరొక ప్రతిపాదన. వానను నమ్ముకొన్న మెట్టసేద్యంలో ఈ స్వేచ్ఛ, శిస్తు తగ్గింపు కంటె తక్కువ మేలైనది కాదు. ఎద్దులు పోయిన ఏడు కూడా మునుపటి విస్తీర్ణానికే శిస్తు కట్టవలసివస్తే చిన్నరైతు నిలువలేడు.

మన్రో స్వదేశానికి వెళ్ళిన పిమ్మట ప్రభుత్వం ఈ మార్గాన్ని కాదని గ్రామాలను తొలుత మూడేండ్లకు, ఆపై పదేండ్లకు కౌలుకిచ్చింది. 1820లో ఆయన మద్రాసు గవర్నరై వచ్చిన కాలంలో రైత్వారీ పద్ధతి తిరిగి నెలకొని, లేఖలో కోరిన తగ్గింపులు అమలుకు వచ్చాయి. 1827 జూలైలో దత్తమండలాల పర్యటనలో ఉండగానే, పత్తికొండ వద్ద కలరాతో మన్రో మరణించాడు.