ఫోలిక్ ఆమ్లం కాలేయంలోనే ఎందుకు దొరికింది?

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1940లలో అక్కడి బృందం ఒక రకం రక్తహీనతను తగ్గించే ఫోలిక్ ఆమ్లాన్ని జంతువుల కాలేయం నుంచి వేరుచేసింది, ఆపైన ప్రయోగశాలలోనే తయారుచేసింది. అన్ని అవయవాలుండగా కాలేయమే ఎందుకు? జవాబు దాని నిర్మాణంలో ఉంది. పెద్దవాళ్లలో సుమారు కిలోన్నర తూగే కాలేయం కుడివైపు పక్కటెముకల చాటున ఉంటుంది. చాలా అవయవాలకు ధమని ఒక్కటే రక్తం తెస్తుంది. దీనికి మాత్రం రెండు దారులు. వచ్చే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు, పేగులు పీల్చుకున్న పోషకాలతో, రెండో దారైన నిర్వాహక సిర ద్వారా వస్తుంది. ధవళేశ్వరం దగ్గర మొదలైన కాలువలు పంటబోదెలుగా చీలినట్టు, ఆ సిర సన్నటి పాయలుగా చీలి లంబికలను చేరుతుంది. లంబిక అంటే మిల్లీమీటరు వెడల్పున్న, ఆరు మూలల కణాల గుంపు. రక్తం అంచుల నుంచి నడిమి సిరవైపు కణాల వరుసలను ఒరుసుకుంటూ పోతుంది. పైత్యరసం దానికి ఎదురుగా, బయటికి పారుతుంది. అందుకే పేగులు పీల్చుకున్న ఫోలిక్ ఆమ్లం ముందుగా ఈ కణాలకే అందుతుంది, వాటిలోనే ఎక్కువగా నిల్వ ఉంటుంది.

విషాలను వడగట్టే అవయవంలో విషమే పేరుకుపోవాలి కదా అని మీరు అడగవచ్చు. కాలేయం ఉత్త జల్లెడ కాదు. దాని కణాలు చాలా విషాలను రసాయనికంగా మార్చి, పైత్యరసం ద్వారానో మూత్రపిండాల ద్వారానో బయటికి పంపేస్తాయి. పనికొచ్చే విటమిన్లను దాచుకుంటాయి. కాబట్టి ఒక అవయవం ఏం చేస్తుందో తెలియాలంటే, ముందు దానిలోకి ఏ దారిన ఏం వస్తుందో చూడాలి.