మీకు తెలుసా? జెల్లీ బిళ్లలో దూరిన 0.3 శాతం

అమెరికాలో ఒకే మొక్కను పంటగా చూడాలా, మత్తుమందుగా చూడాలా అన్నది తేల్చే అంకె 0.3 శాతం. 2018 నాటి చట్టం ప్రకారం, ఎండిన మొక్క బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం అంతకు మించకపోతే అది హెంప్. మించిందా, గంజాయి. ఈ అంకెను ఏ వైద్యులో, ఏ పోలీసు శాఖో తేల్చి ఉంటారనుకుంటాం. కాదు. కెనడాకు చెందిన ఎర్నెస్ట్ స్మాల్, అమెరికాకు చెందిన ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు 1976లో రాసిన వర్గీకరణ పత్రంలోది అది. లేత ఆకుల్లో ఇంతవరకు ఉంటే ఈ గుంపు, దాటితే ఆ గుంపు అని మొక్కలను విడదీయడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశామని వాళ్లే చెప్పుకున్నారు. మనిషికి ఎంత తింటే మత్తెక్కుతుందో చెప్పడానికి గీసిన గీత కాదది.

ఆ గీతే 2018 డిసెంబరులో ఫార్మ్ బిల్లు ద్వారా దేశమంతటికీ చట్టమైంది. దాన్ని భుజాన వేసుకుని నడిపించింది కెంటకీ సెనేటర్ మిచ్ మెకానెల్. ఆయన రాష్ట్రంలో పొగాకు సాగు సన్నగిల్లింది, రైతుకు మరో పంట కావాలి. బిల్లు మీద ఆయన సంతకం పెట్టిన పెన్ను కూడా కెంటకీ హెంప్‌తో చేసిందే!

పేచీ ఎక్కడ వచ్చిందంటే, చట్టం బరువులో శాతం చెప్పింది గానీ మిల్లీగ్రాములు చెప్పలేదు. ఆకు తేలిక, చక్కెర పాకం బరువు. నాలుగు గ్రాముల జెల్లీ బిళ్లలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. లైసెన్సు దుకాణాల్లో గంజాయి అమ్మకాన్ని అనుమతించిన కాలిఫోర్నియా, కొలరాడోల్లో తినుబండారాలకు ఒక మోతాదు పరిమితి 10 మిల్లీగ్రాములు. అంటే గంజాయి దుకాణంలో గుర్తింపు కార్డు చూపించి కొనుక్కునే దానికంటే, పెట్రోలు బంకులో చూయింగ్ గమ్ పక్కన పెట్టిన ‘హెంప్’ బిళ్ల ఘాటుగా ఉండే వీలు కలిగింది, అదీ చట్టం దాటకుండానే. ఇక 355 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు డబ్బాకు మొత్తం బరువు మీద లెక్క కడితే వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. అసలు పానీయానికి ‘ఎండిన బరువు’ ఏమిటని అడగాలనిపిస్తుంది. చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది చేను. డబ్బా లేదు.

చట్టం వచ్చిన మరుసటి ఏడాది అందరూ హెంప్ మీద పడ్డారు. హెంప్ నుంచి తీసే, మత్తు కలిగించని సీబీడీ నూనెకు అప్పట్లో మహా గిరాకీ. అందరూ వేస్తే ఏ పంటకైనా ఏమవుతుందో మన మిర్చి, టమాటా రైతులకు చెప్పక్కర్లేదు. ధర కుప్పకూలింది, సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. అప్పుడు రసాయన పరిజ్ఞానం ఉన్నవాళ్లు రంగంలోకి దిగారు. సీబీడీని ద్రావణిలో కరిగించి, ఆమ్లం కలిపి వేడి చేస్తే డెల్టా-8 టీహెచ్‌సీ అవుతుంది. డెల్టా-9 అంత కాకపోయినా అదీ మత్తెక్కించేదే. చట్టంలో పేరు పెట్టి వద్దన్నది డెల్టా-9ను మాత్రమే కదా! అలా పుట్టిందే డెల్టా-8 వ్యాపారం. గంజాయికి అనుమతి లేని రాష్ట్రాల్లోనే దానికి గిరాకీ ఎక్కువ.

డెల్టా-8 చట్టబద్ధమేనని ఒక పెద్ద కోర్టు అన్నది ఏ సందర్భంలోనో తెలుసా? ట్రేడ్‌మార్కు తగాదాలో. తన పేరుతో నకిలీ వేప్‌లు అమ్ముతున్నారని ఒక కంపెనీ దావా వేసింది. అసలు నీ సరుకే చట్టవిరుద్ధం, దానికి ట్రేడ్‌మార్కు రక్షణేమిటని ప్రతివాది ఎదురు తిరిగాడు. 2022లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చట్టంలోని మాటలు స్పష్టంగానే ఉన్నాయంది. పొరపాటున కన్నం వదిలి ఉంటే పూడ్చాల్సింది చట్టసభ అయిన కాంగ్రెస్సే గాని తాము కాదంటూ నకిలీలు అమ్మినవాడి వాదనను పక్కన పెట్టింది.

ఈలోగా పిల్లల సంగతి. డెల్టా-8 విషయంలో 2021 జనవరి నుంచి 2022 ఫిబ్రవరి దాకా అమెరికా పాయిజన్ కంట్రోల్ కేంద్రాలకు 2,362 కేసులు వచ్చాయని, వాటిలో 41 శాతం 18 ఏళ్ల లోపువారివని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ప్యాకెట్లు చూస్తే ఆశ్చర్యం కలగదు. చీటోస్, డోరిటోస్ చిప్స్ పోలికతో అచ్చేసిన పొట్లాలు అమ్ముతున్నవారికి 2023లో ఎఫ్‌డీఏ, వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ కలిసి హెచ్చరిక లేఖలు పంపాయి. లేఖలు సరే, దేశమంతటికీ ఒక నిబంధన మాత్రం రాలేదు. దాంతో రాష్ట్రాలు ఎవరి దారి వారు చూసుకున్నాయి.

మిన్నెసోటా 2022 జులైలో మోతాదుకు 5, ప్యాకెట్‌కు 50 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, 21 ఏళ్లు నిండినవారికి అమ్ముకోనిచ్చింది. ఓటేసిన శాసనసభ్యులు కొందరికి తాము దేనికి తలుపు తీశామో తర్వాత గాని తెలియలేదు. ఆ తర్వాత అక్కడ చిన్న బీరు తయారీదారులకు టీహెచ్‌సీ పానీయాలు మంచి ఆదాయ మార్గమయ్యాయి. వర్జీనియా 2023లో ప్యాకెట్ మొత్తానికి 2 మిల్లీగ్రాములే అంది. సీబీడీ మోతాదు టీహెచ్‌సీకి కనీసం 25 రెట్లు ఉంటే మాత్రం మినహాయింపు. ఐడహో అయితే అమ్మే సరుకులో టీహెచ్‌సీ సున్నా ఉండాల్సిందేనంటుంది. గంజాయి చట్టబద్ధమైన కాలిఫోర్నియా కూడా 2024 సెప్టెంబరులో హెంప్ తినుబండారాల్లో టీహెచ్‌సీ ఆనవాలు కూడా ఉండకూడదని అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది. గంజాయి వద్దని కాదు, పన్ను కట్టే లైసెన్సు దుకాణంలోనే కొనమని.

అన్నింటిలోకీ రసవత్తరం టెక్సస్ కథ. 2019లో హెంప్‌కు తలుపు తీసిన రాష్ట్రమే 2025లో మొత్తానికే నిషేధించాలని ఎస్‌బీ-3 అనే బిల్లు ఆమోదించింది. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ పట్టుబట్టి తెచ్చిన బిల్లది. గవర్నర్ గ్రెగ్ అబాట్‌దీ అదే పార్టీ. అయినా జూన్ 22న, గడువు ముగిసే అర్ధరాత్రికి కాస్త ముందు, వీటో చేశారు. ఇలాంటి నిషేధమే తెచ్చిన ఆర్కన్సా కోర్టులో ఇరుక్కుపోయింది, మనమూ ఇరుక్కుంటాం, మద్యంలాగా నియంత్రిద్దాం అన్నది ఆయన మాట. తమాషా ఏమిటంటే అదే నెలలో ఎనిమిదో సర్క్యూట్ కోర్టు ఆర్కన్సా వైపే మొగ్గింది. టెక్సస్‌లో రెండు ప్రత్యేక సమావేశాలు పెట్టినా బిల్లు తేలలేదు. చివరికి సెప్టెంబరులో గవర్నరే ఉత్తర్వు ఇచ్చి, 21 ఏళ్ల లోపువారికి అమ్మకాలు ఆపించమన్నారు.

అదే ఏడాది నవంబరు 12న కేంద్రం కదిలింది. ప్రభుత్వ షట్‌డౌన్ ముగించే నిధుల బిల్లులో హెంప్ నిర్వచనం మారిపోయింది. ఇక డెల్టా-9 ఒక్కటే కాదు, మొత్తం టీహెచ్‌సీ లెక్క. అమ్మే సరుకులో డబ్బాకు 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇందాకటి 12 మిల్లీగ్రాముల బిళ్లలో ముప్పయ్యో వంతన్నమాట. ప్రయోగశాలలో మార్చి చేసిన డెల్టా-8 వంటివాటికి చోటే లేదు. చట్టంలో రాసిన గడువు ఏడాది. దీని వెనక ఉన్నదెవరు? ఆ మెకానెలే. తాను ఇచ్చింది రైతుకు పంటేగాని మత్తు వ్యాపారానికి దారి కాదని ఆయన వాదన. ఆ నిబంధనను తీసేయమని సవరణ పెట్టింది రాండ్ పాల్, ఆయనా కెంటకీ సెనేటరే. సవరణ 76-24 ఓట్లతో పక్కకు పోయింది.

టెక్సస్‌లో మనవాళ్లు తక్కువేం లేరు కాబట్టి రెండు ముక్కలు. సాధారణ మూత్ర పరీక్ష హెంప్ బిళ్లకూ గంజాయికీ తేడా చెప్పలేదు. డెల్టా-8 తిన్నా ‘పాజిటివ్’ రావచ్చు, లేబుల్ మీద ఏం రాసి ఉన్నా సరే. పౌరసత్వ దరఖాస్తులో, గంజాయి వాడకమే కాదు, రాష్ట్రం అనుమతించిన గంజాయి వ్యాపారంలో ఉద్యోగం కూడా అడ్డంకి కావచ్చని 2019 ఏప్రిల్‌లోనే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ప్రకటించింది.

మిగిలిపోయిన బిళ్లల డబ్బాను సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగుదామనుకుంటే మాత్రం ఆగండి. మన 1985 నాటి మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ గంజాయి పూగుత్తులనూ, చరస్‌నూ, వాటితో చేసిన మిశ్రమాలనూ పానీయాలనూ ఒకే గాటన కట్టింది. విడి ఆకును వదిలేసింది కాబట్టే ఉత్తరాది కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలకు లైసెన్సులున్నాయి. ఉత్తరాఖండ్ 2018లో 0.3 శాతం హద్దుతో హెంప్ సాగుకు లైసెన్సులు మొదలుపెట్టింది, విత్తనాలనూ విత్తన నూనెనూ ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో చెప్పింది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని ఆ నిర్వచనంలో మాత్రం శాతాల ఊసే లేదు.