కోడిపిల్లల జబ్బులు: గృహిణి కనిపెట్టవలసిన గుర్తులు



పెరటిలో నాలుగు పెట్టలున్న యింట బిడ్డలకు గ్రుడ్డు కొదువ యుండదు. ఇల్లాలి చేతిలో నాలుగు రూకలును నిలుచును. కాని పిల్లలు గ్రుడ్డునుండి వెలువడినది మొదలు రెండు నెలలు నిండువరకు వాని ప్రాణము గాలిలోని దీపమువంటిది.

నాలుగేండ్ల క్రిందట శ్రావణమాసమున మా పెట్ట పదునొకండు పిల్లలను చేసినది. వానికి నెల నిండినపిమ్మట ముసురు పట్టి గూటిలోని ఊక తడిసినది. ఒక పిల్ల రెక్కలు వ్రేలవైచి మూల నిలిచియుండగా, చలికి కునుకుచున్నదని తలచి యూరకుంటిని. మరునాడు రెట్టలో నెత్తురు కనబడెను. మూడవనాటికి ఐదు పిల్లలు చచ్చినవి. అప్పుడు పశువైద్యునియొద్దకు పరుగెత్తితిని. ఆయన యిచ్చిన మందు నీళ్లతో తక్కిన యారును బ్రతికినవి. మొదటినాడే పోయియున్నచో తక్కినవియు దక్కెడివేమో!

ప్రతి యుదయము చూడవలసినవి

గూడు తెరవగనే ఆరోగ్యముగల పిల్ల మేతకు ఉరుకును, కన్నులు నిగనిగలాడును. అట్లుగాక వెనుకబడినదియు, ఈకలు నిక్కబొడుచుకొన్నదియు, నోరు తెరచి ఊపిరి తీయునదియు, మేత ముట్టనిదియు రోగియని యెరుగవలెను. రెట్టను తప్పక పరీక్షింపుడు. పిల్లలన్నియు దీపము క్రింద ఒకదానిపై నొకటి పడుచున్నచో చలి. దూరముగా పోయి రెక్కలు విప్పి రొప్పుచున్నచో వేడి. తల్లిలేని పిల్లలకు మొదటివారమున సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము కావలెను. పిమ్మట వారమునకు రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును.

ముఖ్యమైన జబ్బులు

తెల్లపారుడు: మొదటి రెండు మూడు వారములలో వచ్చును. సుద్దవంటి రెట్ట వెనుకభాగమున అంటుకొనును. ఇది తల్లినుండి గ్రుడ్డుద్వారా సంక్రమించునది గావున, బ్రతికిన పిల్లలు పెద్దవై పెట్టిన గ్రుడ్లను పొదుగ వేయరాదు.

రక్తపారుడు: మూడు మొదలు ఆరు వారముల పిల్లలకు హెచ్చు. కంటికి కానరాని క్రిములు దీనికి కారణము. తడియు వెచ్చదనమును ఉన్నచోట ఒకటి రెండు దినములలోనే అవి అంటుకొనుటకు సిద్ధమగును. కావున ఊక తడియకుండుటయే సగము వైద్యము. ఆంప్రోలియము అను మందును వైద్యుడు చెప్పిన కొలతను నీటిలో కలిపి యిత్తురు.

కొక్కెర తెగులు: ఎగరొప్పు, పచ్చని పారుడు, మెడ మెలివడుట, కాళ్లు పడిపోవుట దీని గుర్తులు. దీనికి మందు లేదు, టీకాయే శరణ్యము. మొదటివారముననే కంటిలోగాని ముక్కులోగాని చుక్కమందు వేయించి, ఆరు మొదలు ఎనిమిది వారముల నడుమ సూదిమందు వేయింపవలెను. టీకామందు చల్లదనము తప్పినచో పనిచేయదు.

జబ్బు కనబడినపుడు

రోగియైన పిల్లను వెంటనే వేరుబుట్టలో వెచ్చగా నుంచి, ముక్కు తడిపి నీరు త్రాగింపుడు. వెనుక రెట్ట అంటుకొన్నచో గోరువెచ్చని నీటితో మెత్తబరచి తీయవలెను, లాగరాదు. మొదట ఆరోగ్యముగల పిల్లలకు మేతవేసి, పిదప రోగికి వేయుడు. తడి ఊకను తీసి పొడిఊక పరచి, నీటిపాత్రను దినదినము తోముడు. మన యింట మిగిలిన మాత్రలను నూరిపోయుట ప్రమాదకరము. చేతులు సబ్బుతో కడుగకుండ బిడ్డల నెత్తుకొనరాదు.

చచ్చినదానిని కాలువలో పారవేయక, లోతుగా గోయి తీసి సున్నముతో పూడ్పవలెను. ఒక్కమారు పెక్కుకోళ్లు చచ్చినచో వట్టిచేతులతో తాకక, వండుకొనక, పశువైద్యశాలకు తెలుపవలెను.

కడపట నొకమాట. గూటిలో తెగులు పొడసూపగనే తక్కినవానిని సంతకు పంపి సొమ్ము చేసికొనుట కొందరి వాడుక. ఆ కోడితోకూడ తెగులు మరియొక యిల్లాలి పెరటికి పోవును. ఆమెయు మనవలెనే ఆ నాలుగు రూకలపై ఆశ పెట్టుకొన్నదే గదా! ఉదయమున గూటియొద్ద రెండు నిమిషములు నిలిచి చూచు కన్నే పిల్లలకు మొదటి మందు.