రాయనని మొరాయించే అబ్బాయి చేత రాయించడం ఎలా?

పిల్లల్ని ఇంటివద్దే చదివిస్తున్న తల్లుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మావాడు నోటితో అన్నీ చెబుతాడండీ, పెన్సిల్ పట్టమంటేనే ఏడుపు." ఏడెనిమిదేళ్ల మగపిల్లల గురించి ఈ మాట మరీ ఎక్కువ. దానికి చాలా ఇళ్లలో దొరికే మందు కోపం, పక్కింటి పిల్లతో పోలిక, "పదిసార్లు రాయి" అనే శిక్ష. రాతే శిక్ష అయిన ఇంట్లో పిల్లవాడికి రాత మీద ఇష్టం ఎలా పుడుతుంది?

ప్రియమైన తల్లిదండ్రులారా, రాయడంలో రెండు పనులున్నాయి. చెప్పదలచుకున్నది మనసులో వాక్యంగా కూర్చుకోవడం ఒకటి, దాన్ని చేత్తో అక్షరాల్లో పెట్టడం మరొకటి. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన తెలుగులో ఈ రెండో పని చిన్న చేతికి బరువే. రెండూ ఒకేసారి మీద పడితే వాడు మొరాయిస్తాడు. దాన్ని సోమరితనం అనుకోకండి.

అందుకే వాటిని విడదీయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది. ఆ నీళ్లు చూసిన పిల్లవాడు దాని గురించి అరగంట చెప్పగలడు. ఐదు వాక్యాలు రాయమంటే తెల్లమొహం వేస్తాడు. వాణ్ణి చెప్పనివ్వండి, మీరు రాయండి. రోమీయులకు పౌలు పంపిన పత్రికను చేత్తో రాసినవాడు తెర్తియు అని ఆ పత్రిక 16వ అధ్యాయమే చెబుతుంది. అయినా అది పౌలు పత్రికే. మీరు రాసిపెట్టినా ఆ మాటలు మీ అబ్బాయివే. అందులో ఒక్క వాక్యం వాడి చేత చూసి రాయించండి. వారం వారం మీ వాటా తగ్గాలి, వాడి వాటా పెరగాలి.

చేతి సాధన వేరే వేళలో చేయించండి. మన పాత వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే పాదిరి ఈ పద్ధతి చూసి తన పిల్లలకూ అలాగే నేర్పించాడు. 1797లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇసుకలో తప్పు పోతే అరచేత్తో చెరిపేయవచ్చు, మచ్చ మిగలదు. పళ్లెంలో ఇసుక, పలకా బలపం ఈనాటికీ పనికొస్తాయి.

రోజూ ఒకే వేళకు పది నిమిషాలు చాలు. సమయం కాగానే, వాక్యం సగంలో ఉన్నా ఆపేయండి. రోజుకు ఒక్క తప్పే దిద్దండి. ఈరోజు ఒత్తులైతే దీర్ఘాల జోలికి పోవద్దు. రాసినదానికి ఒక అవసరం ఉండనివ్వండి: రైతు బజారుకు చీటీ, తాతయ్యకు ఉత్తరం, కాలువకు నీళ్లు వదిలిన రోజు డైరీలో ఒక మాట. మాట పడిపోయిన జెకర్యా పలక అడిగి తెప్పించుకుని రాసింది బిడ్డ పేరు గురించి ఒక్క చిన్న మాటే. అవసరం ఉంది గనుక అంతే సరిపోయింది. నాన్న కూడా ఆ పది నిమిషాలు పక్కన కూర్చుని ఏదైనా రాస్తే మరీ మంచిది.

ఇన్ని చేసినా నెలల తరబడి మార్పు లేకపోతే, చెయ్యి నొప్పి అంటుంటే, కళ్లు పరీక్ష చేయించి పిల్లల వైద్యుణ్ణి అడగండి.

ఇంటి చదువుకూ పరీక్షలుంటాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిల్లోనూ, ఆపైన పదో తరగతికీ పిల్లల్ని చేర్చుకుంటుంది. పదో తరగతిలో గంటల తరబడి రాయగలిగే చెయ్యి ఆ ఏడాదే తయారు కాదు. ఈరోజు ఒక్క వాక్యంతో, ఏడుపు లేకుండా, మొదలుపెట్టండి.