కుర్చీ పాతదే.. కూర్చునేవాళ్లే కొత్త!

మిర్చి సీజన్‌లో పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌ యార్డుకు ఎప్పుడైనా వెళ్లారా? ఘాటుకు తుమ్ములు ఆగవు. అయినా ఓ గంట నిలబడి చూడండి. బస్తాలు దించే హమాలీలు, కాంటా దగ్గర దడ్వాయిలు, చాటకూలీలు, అడ్తి దుకాణంలో లెక్కలు రాసే గుమస్తా.. ఎవరి పని వాళ్లది. గుమస్తా మానేస్తే ఇంకొకాయన వస్తాడు. దుకాణం పేరు మారదు. ‘నా పైసలెప్పుడు?’ అని రైతు అడిగే ప్రశ్న కూడా మారదు. అందుకే కొత్తాయన ముందుగా పట్టుకోవాల్సింది పాతాయన చేతిరాతలో ఉన్న ఖాతా పుస్తకాన్ని.

డిగ్రీ, బీటెక్‌ అయిపోయి ఉద్యోగం వెతుక్కునే మీలో చాలామందికి దొరికేది కూడా ఇలాంటి సీటే. మీకోసం కొత్తగా పుట్టించింది కాదు, ఎవరో వదిలేసి వెళ్లింది. ‘ఆయనున్నప్పుడు ఇట్లుండేది కాదు’ అనే మాట మొదటి వారంలోనే చెవిన పడుతుంది. ఒక్కరు అంటేనే మనసు చివుక్కుమంటుంది. అదే మాట స్టేజీ మీద నిలబడి, వేలమంది నోట ఒకేసారి వినాల్సి వస్తే?

ఇంగ్లండ్‌కు చెందిన హార్డ్‌ రాక్‌ బృందం డీప్‌ పర్పుల్‌లో చేరినవాళ్లకు ఎదురైంది అదే. 1968లో మొదలైన ఈ బ్యాండ్‌లో ఇప్పటిదాకా 15 మంది వాయించారు, 9 రకాల కూర్పులు వచ్చాయి. మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ప్రతి కూర్పులోనూ ఉన్నది డ్రమ్మర్‌ ఇయాన్‌ పేస్‌ ఒక్కడే. పేరు ఎక్కడా విన్నట్టు లేదంటారా? మీ హాస్టల్లో గిటార్‌ నేర్చుకునే కుర్రాణ్ని అడగండి. మొదటి వారంలో అందరూ వాయించే ‘స్మోక్‌ ఆన్‌ ది వాటర్‌’ వీళ్లదే.

ఎక్కేవాళ్లు.. దిగేవాళ్లు

అసలు ఈ బ్యాండ్‌ ఆలోచనే విచిత్రంగా మొదలైంది. ‘ది సెర్చర్స్‌’ బృందంలో డ్రమ్మర్‌గా చేసిన క్రిస్‌ కర్టిస్‌ అనే ఆయనకు 1967లో ఒక ఊహ వచ్చింది. జాతరలో రంగుల రాట్నం ఉంటుంది కదా, అట్లా ఒక బ్యాండ్‌ ఉండాలి, కళాకారులు ఎక్కుతుంటారు, దిగుతుంటారు, రాట్నం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే ‘రౌండెబౌట్‌’ అని పేరు పెట్టాడు. కీబోర్డు వాయించే జాన్‌ లార్డ్‌నూ, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌నూ పిలిచాడు. తీరాచూస్తే అందరికంటే ముందు రాట్నం దిగిపోయింది కర్టిసే! తర్వాత పేరు డీప్‌ పర్పుల్‌ అయింది. బ్లాక్‌మోర్‌ నానమ్మకు ఇష్టమైన పాట పేరు అది.

తొలి బృందంలో పాడింది రాడ్‌ ఎవాన్స్‌, బాస్‌ గిటార్‌ వాయించింది నిక్‌ సింపర్‌. 1968లోనే ‘హష్‌’ పాట అమెరికాలో 4వ స్థానానికి చేరింది. అయినా ఏడాది తిరగకుండానే లార్డ్‌, బ్లాక్‌మోర్‌, పేస్‌ ముగ్గురూ సంగీతాన్ని ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా మార్చాలనుకున్నారు. ‘ఎపిసోడ్‌ సిక్స్‌’ అనే బృందం నుంచి గాయకుడు ఇయాన్‌ గిలన్‌ను, బాసిస్టు రోజర్‌ గ్లోవర్‌ను తీసుకున్నారు. ఎవాన్స్‌, సింపర్‌ ఇంకా కచేరీలు చేస్తూనే ఉన్నారు. వాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా కొత్త ఇద్దరితో రిహార్సల్స్‌ నడిపారు. సాయంత్రం స్టేజీ మీద పక్కన నిలబడే మనిషి పొద్దున మన బదులు ఇంకొకరితో సాధన చేస్తున్నాడన్నమాట. తర్వాత వచ్చిన పాటలు ఎంత గొప్పవైనా సరే, ఈ పద్ధతి మాత్రం నాకు నచ్చదు. హెచ్‌ఆర్‌ వాళ్లు ఎన్ని మాటలు చెప్పినా ఇలాంటివి మన ఆఫీసుల్లోనూ జరుగుతాయి. సింపర్‌ ఊరుకోలేదు, దావా వేసి పరిహారం తీసుకున్నాడు.

గిలన్‌, గ్లోవర్‌ వచ్చాక బ్యాండ్‌ దశ తిరిగింది. 1970లో ‘ఇన్‌ రాక్‌’, 1971లో ‘ఫైర్‌బాల్‌’, 1972లో ‘మెషీన్‌ హెడ్‌’. ఈ చివరి ఆల్బమ్‌ను స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, సరస్సు ఒడ్డున ఉన్న కాసినోలో రికార్డు చేయాలనుకున్నారు. 1971 డిసెంబరు 4న అక్కడ ఫ్రాంక్‌ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్‌ గన్‌ పేల్చారు. కాసినో మొత్తం కాలిపోయింది. సరస్సు మీద పరుచుకున్న పొగే ‘స్మోక్‌ ఆన్‌ ది వాటర్‌’. చలికాలం కాబట్టి ఖాళీగా ఉన్న ఓ హోటల్‌ను పట్టుకుని, దాని వరండాల్లో వైర్లు పరిచి ఆల్బమ్‌ పూర్తిచేశారు.

ఆరు నెలల నోటీసు

గెలిచినప్పుడే బ్యాండ్‌లు ఎక్కువగా విడిపోతాయేమో. వరుస పర్యటనలు, విశ్రాంతి లేదు, గిలన్‌కూ బ్లాక్‌మోర్‌కూ పడటం లేదు. 1972 డిసెంబరులో గిలన్‌ రాజీనామా లేఖ రాశాడు. ఆ లేఖలో ఏముందో చూడండి: 1973 జూన్‌ చివరిదాకా ఒప్పుకున్న కచేరీలన్నీ చేసే వెళ్తానన్నాడు. అన్నట్టే జపాన్‌లో చివరి కచేరీ చేసి దిగిపోయాడు. నోటీసు పీరియడ్‌ ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఫోన్‌ స్విచ్‌ ఆఫ్‌ చేసేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తుంచుకోవాలి. పదకొండేళ్ల తర్వాత అదే కుర్చీలోకి ఆయన్ను మళ్లీ పిలిచారు.

గ్లోవర్‌ది ఇంకో రకం కథ. తనంతట తాను వెళ్లలేదు, పొమ్మనకుండా పొగబెట్టారు. ఆయనేమో రికార్డింగ్‌ పని నేర్చుకుని ప్రొడ్యూసర్‌ అయ్యాడు. కొన్నేళ్లకు బ్లాక్‌మోర్‌ పెట్టుకున్న ‘రెయిన్‌బో’ బృందానికి ప్రొడ్యూసర్‌గా, బాసిస్టుగా వెళ్లాడు. తనను బయటికి పంపినవాడి దగ్గరికే! మనలో ఎంతమందికి అంత నిబ్బరం ఉంటుంది?

బట్టల దుకాణం నుంచి..

ఇక ఈ పేజీ చదివేవాళ్లకు బాగా నచ్చే ఘట్టం. గిలన్‌ స్థానానికి 1973లో గాయకుడు కావాలి. పేరున్నవాళ్ల కోసమే కాకుండా, పేరు లేనివాళ్ల టేపులు కూడా వింటున్నారని ‘మెలొడీ మేకర్‌’ పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్‌ ఈశాన్య తీరంలో రెడ్‌కార్‌ అనే చిన్న ఊళ్లో బట్టల దుకాణంలో పనిచేసే డేవిడ్‌ కవర్‌డేల్‌ అది చదివాడు. వయసు 21. సాయంత్రాలు స్థానిక బృందాల్లో పాడేవాడు. టేపు పంపాడు. అదేమీ గొప్ప రికార్డింగ్‌ కాదు, మందు మత్తులో పాడానని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఫొటో కూడా పంపమంటే చేతికందింది చిన్నప్పుడు స్కౌట్‌ యూనిఫాంలో తీయించుకున్నదొక్కటే. అదే పంపాడు. పిలుపొచ్చింది. ఆడిషన్‌లో నెగ్గాడు.

‘ట్రాపీజ్‌’ బృందం నుంచి బాస్‌ వాయించడానికి వచ్చిన గ్లెన్‌ హ్యూస్‌ కూడా మంచి గాయకుడే. అంటే కవర్‌డేల్‌కు పక్కనే పోటీ. అయినా 1974 ఫిబ్రవరిలో ‘బర్న్‌’ వచ్చింది. ఆ ఏప్రిల్‌ 6న ‘కాలిఫోర్నియా జామ్‌’లో 2 లక్షలకు పైగా జనం ముందు ఆ దుకాణం కుర్రాడు నిలబడ్డాడు. ఏడాది కిందట చొక్కాలు మడతపెట్టినవాడు!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గిలన్‌ది తారస్థాయిలో కేక పెట్టే గొంతు. కవర్‌డేల్‌ది బరువైన, కింది స్థాయి గొంతు. గిలన్‌ను అనుకరించాలని చూస్తే మొదటి నెలలోనే ఇంటికి పంపేవాళ్లు. పాత పాటలు నేర్చుకున్నాడు, తన గొంతుతో పాడాడు. 1978లో ఆయన సొంతంగా ‘వైట్‌స్నేక్‌’ పెట్టుకున్నప్పుడు అందులో చేరినవాళ్లెవరో తెలుసా? ముందు జాన్‌ లార్డ్‌, తర్వాత ఇయాన్‌ పేస్‌. తనకు ఉద్యోగమిచ్చినవాళ్లకే తను ఉద్యోగమిచ్చాడు.

కూర్చోలేకపోయినవాడు

అన్ని కథలూ ఇట్లా ముగియవు. కొత్త సంగీతం నచ్చక 1975లో బ్లాక్‌మోర్‌ వెళ్లిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన అమెరికన్‌ గిటారిస్టు టామీ బోలిన్‌కు అప్పటికి 23 ఏళ్లు. ప్రతిభలో వంక పెట్టడానికి లేదు. అతను వాయించిన ‘కమ్‌ టేస్ట్‌ ద బ్యాండ్‌’ను ఇవాళ చాలామంది మెచ్చుకుంటారు. కానీ డీప్‌ పర్పుల్‌ పాత పాటలు అతను పెద్దగా వినలేదంటారు. ఖాతా పుస్తకం తెరవకుండానే గద్దె మీద కూర్చున్న గుమస్తా అన్నమాట. జనమేమో ఆ పాటల కోసమే టికెట్టు కొన్నారు. బ్లాక్‌మోర్‌ ఏడీ అని కేకలేసేవాళ్లు.

ఇదొక్కటే అయితే నెట్టుకొచ్చేవాడేమో. హెరాయిన్‌ అలవాటు అప్పటికే పట్టుకుంది. 1975 డిసెంబరులో జపాన్‌ కచేరీలకు వచ్చేసరికి ఎడమ చెయ్యి సరిగా పనిచేయలేదు. గిటారిస్టుకు ఎడమ చెయ్యి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పక్కనున్న లార్డ్‌ కీబోర్డుతో ఆ ఖాళీలు పూరిస్తూ కచేరీ లాగించాల్సి వచ్చింది. 1976 మార్చి 15న లివర్‌పూల్‌ కచేరీతో బ్యాండ్‌ ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరు 4న మయామీలో బోలిన్‌ చనిపోయాడు. 25 ఏళ్లు. మాంట్రో కాసినో కాలిపోయి ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్లు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ అతని పరిస్థితి కళ్లెదుటే కనిపించింది. కచేరీలు మాత్రం ఆగలేదు. ఈ భాగం రాస్తుంటే ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పేరు ఎవరిది?

బ్యాండ్‌ లేని రోజుల్లో, 1980లో, తమాషా ఒకటి జరిగింది. మొదటి గాయకుడు ఎవాన్స్‌ను ముందు పెట్టుకుని కొందరు డీప్‌ పర్పుల్‌ పేరుతో మెక్సికో, అమెరికా, కెనడాల్లో కచేరీలు పెట్టారు. టికెట్‌ కొన్నవాళ్లు స్టేజీ మీద తెలిసిన ముఖం ఒక్కటే చూసి గొడవలకు దిగారు. కేసు పడింది. కోర్టు 6,72,000 డాలర్ల పరిహారం కట్టమంది. తొలి మూడు ఆల్బమ్‌ల మీద ఎవాన్స్‌కు వస్తున్న రాయల్టీ కూడా పోయింది. స్టార్టప్‌ పెడదామని ముగ్గురు నలుగురు దోస్తులు టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు లోగో రంగు గురించి గంట మాట్లాడుకుంటారు. ఒకరు వెళ్లిపోతే పేరు ఎవరిదో కాగితం మీద రాసుకోరు.

గిలన్‌, గ్లోవర్‌, బ్లాక్‌మోర్‌, లార్డ్‌, పేస్‌ 1984లో మళ్లీ కలిశారు. ‘పర్ఫెక్ట్‌ స్ట్రేంజర్స్‌’ ఆల్బమ్‌ బాగా ఆడింది. పాత గొడవలు పోలేదు. 1989లో గిలన్‌ను పంపేసి ‘రెయిన్‌బో’లో పాడిన జో లిన్‌ టర్నర్‌ను తెచ్చారు. ఒక్క ఆల్బమ్‌తో సరి. 1992లో మళ్లీ గిలన్‌. 1993 నవంబరులో పర్యటన మధ్యలోనే బ్లాక్‌మోర్‌ లేచి వెళ్లిపోయాడు. ఎదురుగా జపాన్‌ కచేరీలున్నాయి. అప్పటికే సొంత ఆల్బమ్‌లతో పెద్ద పేరున్న జో సత్రియానీ వచ్చి గట్టెక్కించాడు. ఉండిపొమ్మన్నా, ఇతర ఒప్పందాల వల్ల ఉండలేకపోయాడు.

తాత్కాలికంగా వచ్చి..

1994లో వచ్చిన స్టీవ్‌ మోర్స్‌కు సంగీతంతోపాటు ఇంకో చదువు కూడా ఉంది. కమర్షియల్‌ పైలట్‌ ఆయన. 1980ల చివర్లో కొంతకాలం విమానాలు నడిపే ఉద్యోగం చేసి మళ్లీ గిటార్‌ పట్టుకున్నాడు. మెక్సికోలో కొన్ని కచేరీలు చేసి చూద్దామనుకున్నారు. ఇద్దరికీ కుదిరింది. ఏకంగా 28 ఏళ్లు ఉన్నాడు. బ్లాక్‌మోర్‌ అన్ని విడతలూ కలిపినా అన్నేళ్లు రావు. అయినా ‘కొత్త గిటారిస్టు’ అనే పిలుపు చాలాకాలం వదల్లేదు.

జాన్‌ లార్డ్‌కు 2001లో మోకాలు దెబ్బతింది. కచేరీలకు సాయం రమ్మని డాన్‌ ఏరీని పిలిచారు. ఎంతోమంది గొప్పవాళ్లతో పనిచేసిన మనిషి, అయినా ‘నేనెందుకు ఒకరి బదులు’ అనలేదు. 2002లో లార్డ్‌ విరమించుకున్నప్పుడు ఆ చివరి పర్యటనలో ఏరీ పక్కనే ఉన్నాడు. దావాల్లేవు, చాటుమాటు రిహార్సల్స్‌ లేవు. ఇన్నేళ్లలో ఈ బ్యాండ్‌ మర్యాదగా చేసిన అప్పగింత ఇదేనని నా అభిప్రాయం. మీరు చేరబోయే చోట పాత ఉద్యోగి ఇంకా వారం రోజులుంటే, ఆ వారం లంచ్‌కు ఆయన పక్కనే కూర్చోండి. ఫైల్లో లేనివన్నీ అక్కడే తెలుస్తాయి. లార్డ్‌ 2012లో కన్నుమూశాడు.

2022లో మోర్స్‌ భార్యకు క్యాన్సర్‌ అని తెలిసింది. ఆమె పక్కన ఉండాలని ఆయన బ్యాండ్‌కు దూరమయ్యాడు. ముందు తాత్కాలికంగా వచ్చినవాడు బెల్‌ఫాస్ట్‌ గిటారిస్టు సైమన్‌ మెక్‌బ్రైడ్‌. అంతకుముందే గిలన్‌తో, ఏరీతో వాళ్ల సొంత బృందాల్లో వాయించాడు. అతని పనితనం వాళ్లకు ముందే తెలుసు కాబట్టి కొత్తగా ఆడిషన్‌ అక్కర్లేకపోయింది. ఆ ఏడాదే పర్మనెంట్‌ అయ్యాడు. 2024 జులైలో అతను వాయించిన మొదటి డీప్‌ పర్పుల్‌ ఆల్బమ్‌ వచ్చింది. పేరు ‘=1’.

మెక్‌బ్రైడ్‌ పుట్టింది 1979లో. ‘స్మోక్‌ ఆన్‌ ది వాటర్‌’ అప్పటికే ఏడేళ్ల పాత పాట. ఇప్పుడు ఆ గిటార్‌ ముక్కను మొదలుపెట్టేది అతనే. బ్లాక్‌మోర్‌ కట్టిన ఆ స్వరాల్లో ఒక్కటి కూడా మార్చడు. అవి జనానివి. సోలో వచ్చేసరికి మాత్రం తనకు తోచింది వాయిస్తాడు. వెనక డ్రమ్స్‌ దగ్గర పేస్‌ ఉంటాడు, 1968 నుంచి ఉన్నట్టే.